అమ్మానాన్నలకు మంచుకొండలు చూపించాలి, జనం లేని ఊరు చెప్పండి

గోదారిగట్టు:

నమస్కారం అండి. మాది రాజమండ్రి, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. నవంబరు రెండో వారంలో అమ్మానాన్నలను హిమాలయాల వైపు తీసుకెళ్దామని ఉంది. నాన్నకు 71, అమ్మకు 66. నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో 34 ఏళ్ళు హిందీ మాస్టారుగా చేశారు. హిమాలయాల మీద ఉన్న కవితలన్నీ పిల్లలకు చెప్పారు గానీ తను మాత్రం కాశీ దాటి వెళ్ళింది లేదు. మొన్న ఏదో మాటల్లో "మంచుకొండంటే క్యాలెండర్లో చూసిందే కదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను వదలట్లేదు.

సమస్యల్లా అమ్మ మోకాళ్ళు. పాతిక మెట్లు ఎక్కితే పది నిమిషాలు కూర్చోవాలి. నాన్నకు బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. రెండేళ్ళ కిందట నేను ఫ్రెండ్స్‌తో మనాలి వెళ్ళాను. అక్కడి మాల్ రోడ్డు చూస్తే మా పుష్కరాల రేవు గుర్తొచ్చింది. అలాంటి చోటికి వీళ్ళను తీసుకెళ్ళలేను. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ మంచుకొండ చూడగలగాలి, అంతే. ట్రెక్కింగు వద్దు, రోప్‌వేలు వద్దు. ప్రయాణంతో కలిపి ఆరు రోజులు. మేం శాకాహారులం. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ట్రావెల్స్ వాళ్ళ నంబర్లు మాత్రం వద్దండి, ఇప్పటికే చాలామంది ఫోన్లు చేస్తున్నారు.

నోయిడా బాల్కనీ:

ఢిల్లీ నుంచి అయితే అందరూ ఉత్తరాఖండ్‌లో నైనిటాల్ అంటారు. కానీ నైనిటాల్ చెరువు చుట్టూ కొండలే అడ్డం. మంచుకొండలు చూడాలంటే మళ్ళీ పైన స్నో వ్యూకి ఎక్కాలి, మీరు వద్దన్న రోప్‌వే అక్కడే. ఇంకొంచెం లోపలికి వెళ్ళండి. కౌసాని, బిన్సర్, ముక్తేశ్వర్, ఈ మూడింట్లో ఏదైనా మీకు సరిపోతుంది. నేను కౌసానిలో ఒక్క రాత్రే ఉన్నాను. పొద్దున్నే ఆఫీసు కాల్ ఉండి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను, మా ఆవిడ బయట కుర్చీలో కూర్చుని త్రిశూల్ శిఖరం చూసింది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంటుంది. ఈ ఫోరంలో ఒక రిటైర్డ్ మేనేజరుగారు ఉండాలి, ఆయన అటువైపు ఉద్యోగం చేశారు. ఆయన చూస్తే బాగుండు.

బదిలీల మేనేజరు:

చూశాను బాబూ. మా మనవరాలు ఫోన్ తెచ్చి చూపించింది.

అమ్మా, కౌసాని వెళ్ళండి. నేను తెనాలివాణ్ణి, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. ప్రమోషన్ ఇస్తూ గరుడ్ అనే ఊరికి వేశారు. కౌసాని నుంచి పదహారు కిలోమీటర్లు దిగితే వస్తుంది. ఆర్డరులో పేరు చూసి ఇదెక్కడి గరుత్మంతుడి ఊరని మా ఇంట్లో నవ్వుకున్నారు. రెండున్నరేళ్ళు ఉన్నాను. మొదటి చలికాలమంతా వెనక్కి పంపమని అర్జీలు రాశాను. రెండో చలికాలానికి రాయడం మానేశాను. కాబట్టి నా మాటల్లో పక్షపాతం కనిపిస్తే క్షమించాలి.

ముందు బీపీ సంగతి. కౌసాని ఎత్తు 1,890 మీటర్లు, ఊటీ 2,240. ఊటీకి వెళ్ళగలిగినవాళ్ళు ఇక్కడికీ వెళ్ళగలరు. ఊపిరాడదేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. మందులు మాత్రం రెండు వారాలకు సరిపడా పెట్టుకోండి, అదీ చేతిసంచిలో. పెద్ద ఆసుపత్రులు కావాలంటే హల్ద్వానీదాకా దిగాలి.

ఊరు ఒక గట్టు వీపు మీద ఉంటుంది. ఉత్తరం వైపు నిలబడితే కింద కత్యూరు లోయ, అందులో గోమతి నది, మెట్లు మెట్లుగా పొలాలు. ఆ వెనక నీలంగా రెండు మూడు వరసల కొండలు. వాటి మీద తెల్లగా త్రిశూల్. 7,120 మీటర్లు. దాని కుడి పక్కన, కాస్త వెనగ్గా నందాదేవి, 7,816. ఎత్తులో ఆవిడే పెద్ద, కానీ దూరంగా ఉండటం వల్ల చిన్నగా కనిపిస్తుంది. చాలామంది త్రిశూల్‌ను చూసి నందాదేవి అని ఫోటోలు పెడుతుంటారు. మీరు పెట్టకండి. ఇంకా కుడికి వెళ్తే పంచచూలి, ఐదు కొసలు. ద్రౌపది పాండవులకు చివరిసారి వండిపెట్టిన పొయ్యిలంటారు అక్కడివాళ్ళు.

పొద్దున అయిదున్నరకు లేవండి. నవంబరులో ఆరు దాటాక త్రిశూల్ కొసకు గులాబీరంగు అంటుకుంటుంది. అది మెల్లగా కిందికి జారుతుంది, ఆ తర్వాత పసుపు, ఆ తర్వాత తెలుపు. అంతా కలిపి అరగంట. సూర్యుడు ఆ కొండల వెనక నుంచి వస్తాడనుకుని చాలామంది అటే కెమెరా పెట్టుకుని కూర్చుంటారు. ఆయన కుడిచేతి వైపు నుంచి వస్తాడు. పది, పదకొండు అయ్యేసరికి మబ్బు చేరవచ్చు. సాయంత్రం మళ్ళీ తెరుచుకుంటే మీ అదృష్టం. అందుకే ఒక్క రాత్రి ఉండి "చూసేశాం" అనే పద్ధతి కౌసానికి పనికిరాదు. నోయిడా బాబుకు తెలుసు. మూడు రాత్రులు ఒకేచోట ఉండండి. రోజుకో ఊరు మారితే మీ అమ్మగారి మోకాళ్ళు కారులోనే అయిపోతాయి.

గది విషయం జాగ్రత్త. నేను చేరిన కొత్తలో మా ఆవిడనూ మామగారినీ రప్పించి ఒక లాడ్జిలో దింపాను. రసీదు మీద కూడా "హిమాలయ దర్శనం" అని రాసిచ్చారు. పొద్దున్నే మా మామగారు స్నానం చేసి, విభూతి పెట్టుకుని కర్టెన్ లాగితే ఎదురుగా పక్క బిల్డింగు నీళ్ళ ట్యాంకు. ఆయన పోయేదాకా నన్ను "ట్యాంకు అల్లుడు" అనే పిలిచేవారు. అందుకని గదిలో మంచం మీద కూర్చుని తీసిన వీడియో పంపమనండి. డాబా మీద నుంచి తీసింది కాదు. ఇంకోటి, కొండ ఊళ్ళలో గ్రౌండ్ ఫ్లోర్ అన్న మాట నమ్మకండి. రోడ్డు పైన ఉంటుంది, బిల్డింగు లోయలోకి దిగుతుంది. గ్రౌండ్ ఫ్లోర్ అంటే రోడ్డు నుంచి నలభై మెట్లు కింద ఉండవచ్చు. "కారు ఆగిన చోటు నుంచి గది గుమ్మందాకా ఎన్ని మెట్లు?" అని అడగండి. మనకు కావలసిన లెక్క అదొక్కటే.

ఇక నేను ఇంత రాయడానికి అసలు కారణం. మీ నాన్నగారు హిందీ మాస్టారన్నారు కదా. హిందీ కవి సుమిత్రానందన్ పంత్ పుట్టింది కౌసానిలోనే, 1900 మే 20న. ఆయన పుట్టిన కొన్ని గంటలకే తల్లి పోయింది. తల్లి లేని పిల్లవాడు ఈ కొండల్ని చూస్తూ పెరిగాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం, బజారులోనే. హిందీకి మొదటి జ్ఞానపీఠం ఆయనదే, 1968కి ఇచ్చారు. మన విశ్వనాథవారిది 1970. మ్యూజియం చిన్నది. ఆయన వస్తువులు, పుస్తకాలు, ఉత్తరాలు ఉంటాయి. మామూలు టూరిస్టులు పది నిమిషాల్లో బయటికొచ్చి మ్యాగీ తింటారు. మీ నాన్నగారిని మాత్రం గంట వదిలేయండి. "ఇక పదండి నాన్నా" అనకండి.

అనాసక్తి ఆశ్రమం కూడా ఊళ్ళోనే, కొంచెం ఎత్తు మీద. కారు దగ్గరదాకా వెళ్తుంది. 1929లో గాంధీగారు ఉన్న చోటు అది, అప్పట్లో తేయాకు తోటవాళ్ళ బంగళా. ఆ ఏడు ఏప్రిల్, మే నెలల్లో ఆయన ఖద్దరు నిధి కోసం మన ఆంధ్ర జిల్లాలన్నీ తిరిగారు. మన ఎండలు తిని జూన్‌లో ఈ కొండలకు వచ్చారన్నమాట. గీతకు ఆయన చేసిన గుజరాతీ అనువాదం అనాసక్తి యోగం. దాని ముందుమాట కింద కౌసాని పేరు, 24-6-1929 తేదీ ఉంటాయి. ఆశ్రమం ముందు కూర్చుంటే కొండల వరస మొత్తం కనిపిస్తుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. గాంధీగారు దీన్ని భారతదేశపు స్విట్జర్లాండ్ అన్నారని ప్రతి హోటలు బోర్డు మీదా ఉంటుంది. నాకా మాట నచ్చదు. త్రిశూల్‌కు ఇంకొకరి పోలిక దేనికి?

మిగతాది రేపు రాస్తాను. కళ్ళు లాగుతున్నాయి.

ఉలవచారు:

మేనేజరుగారు మరీ ఊరిస్తున్నారు గానీ రెండో వైపు కూడా వినండి. మేం పిల్లల సెలవులని జూన్ మొదటి వారంలో వెళ్ళాం. కౌసానిలో మూడు రాత్రులు, ఆయన చెప్పినట్టే. మూడు పొద్దుటలూ అలారం పెట్టుకుని లేచాం. మూడు పొద్దుటలూ ఎదురుగా బూడిదరంగు తెర. పైన్ అడవులు తగలబడుతున్నాయి, ఆ పొగ, దుమ్ము. మా చిన్నవాడు "నాన్నా, హిమాలయాలు ఎప్పుడు ఆన్ చేస్తారు?" అని అడిగాడు. హోటలతను రిసెప్షన్‌లో ఉన్న పెద్ద ఫోటో చూపించి "ఇలా ఉంటుంది సార్" అన్నాడు. దాని ముందు నిలబడి ఫ్యామిలీ ఫోటో దిగి వచ్చేశాం. నవ్వుతూ రాస్తున్నాను గానీ అప్పుడు ఏడుపొచ్చింది.

గోదారిగట్టు:

మేనేజరుగారూ, మీరు రాసింది నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను. పంత్ పేరు రాగానే నన్ను ఆపేసి, ఆయన కవిత ఒకటి మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పేశారు. వెనక నుంచి అమ్మ "కుక్కర్ మాడిపోతోంది" అని అరుస్తూనే ఉంది. పంత్‌గారి ఊరు చూడవచ్చని ఆయన ఎప్పుడూ అనుకోలేదట. కౌసానే ఖాయం అండి.

ఉలవచారు గారూ, మీది చదివాక భయం వేసింది. నవంబరులో కూడా అలా ఉంటుందా? ఇంకో రెండు సందేహాలు. రైలు దిగాక దారి ఎలా ఉంటుంది? అమ్మకు శ్రీశైలం ఘాట్‌లోనే వాంతులవుతాయి. తిండి సంగతి కూడా చెప్పండి. రోజూ మూడు పూటలా రొట్టెలంటే మావాళ్ళు రెండోరోజే నీరసపడతారు.

బదిలీల మేనేజరు:

ఉలవచారు చెప్పింది అక్షరాలా నిజం. మే, జూన్‌లలో చీడ్ అనే పైన్ చెట్ల ఎండుటాకులు సూదుల్లా నేలంతా పరుచుకుని ఉంటాయి. పిరూల్ అంటారు. అగ్గిపుల్ల పడితే కొండంతా అంటుకుంటుంది. జూలై, ఆగస్టుల్లో వాన, రోడ్డు మీద కొండచరియలు. ఆ వాన దుమ్మును కడిగేశాక అక్టోబరు నుంచి ఆకాశం తేటపడుతుంది. మీరు పెట్టుకున్న నవంబరే మంచి నెల. రాత్రి అయిదారు డిగ్రీలకు దిగుతుంది, పగలు ఎండ హాయిగా ఉంటుంది. మంకీ క్యాప్‌లు తీసుకెళ్ళండి, సిగ్గుపడకండి.

దారి. పాత ఢిల్లీ స్టేషన్ నుంచి రాత్రి పదింటి ప్రాంతంలో రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది, తెల్లవారుజామున కాఠ్‌గోదామ్‌లో దింపుతుంది. పట్టాలు అక్కడితో సరి, ఆపైన కొండే. అక్కడినుంచి కౌసాని సుమారు 140 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఆరు గంటలు. దిగిన వెంటనే బయలుదేరండి. దారిలో కైంచీ ధామ్, నీమ్ కరోలీ బాబా ఆశ్రమం. ఆలస్యమైతే అక్కడ కార్ల వరస కదలదు. శని, ఆదివారాలు అసలు పెట్టుకోకండి. అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతో కూడా వద్దు, నిండు కడుపుతో కూడా వద్దు. డ్రైవర్‌ను మొదటే "దాజ్యూ, ఆరామ్ సే" అనండి. దాజ్యూ అంటే అన్నగారు. ఆ ఒక్క మాటకు స్పీడు పది తగ్గుతుంది, ఇది నా అనుభవం. గరంపానీలో ఆగి ఆలూ గుట్కే, పకోడీ, రైతా తినండి. అక్కడివరకు ఒంపులు ఎక్కువ. తర్వాత కోసీ నది పక్కన రోడ్డు కాస్త మర్యాదగా పోతుంది. అల్మోరా దాటాక సోమేశ్వర్ లోయ వస్తుంది. అంత చదును పొలం చూస్తే మనవాళ్ళకు ఊపిరి తిరిగొస్తుంది.

మీ అమ్మగారితో చెప్పండి, తిండికి భయపడొద్దని. కొండవాళ్ళు మధ్యాహ్నం అన్నమే తింటారు. గహత్ దాల్ అడగండి. గహత్ అంటే మన ఉలవలు. పైన ఒకాయన పేరు చూసి గుర్తొచ్చింది. మడువా రొట్టె అంటే రాగిరొట్టె. భట్ అని నల్ల సోయా గింజలు, వాటితో చుడ్కానీ అని అన్నంలోకి చిక్కటి పులుసు చేస్తారు. అన్నిటికంటే నన్ను నిలబెట్టింది అక్కడి దోసకాయ రైతా. పచ్చి ఆవాలు నూరి పెరుగులో కలుపుతారు. మొదటి ముద్దకే ముక్కుల్లోకి ఘాటు ఎక్కి కళ్ళనీళ్ళొచ్చాయి. ఘాటుకు కొన్ని, మా అమ్మ గుర్తొచ్చి కొన్ని. ఇది మన ఆవ పెట్టిన పెరుగుపచ్చడి కాకపోతే మరేమిటి! రెండు వేల కిలోమీటర్ల అవతల, తెలుగు ఒక్క ముక్క రాని ఇంట్లో.

భాంగ్ చట్నీ కూడా పెడతారు. గంజాయి గింజల పచ్చడి. కంగారు పడకండి, గింజల్లో మత్తు ఉండదు, నువ్వుల పచ్చడిలా ఉంటుంది. నేను ఆ మాట ఇంటికి ఫోన్లో చెప్పి పొరపాటు చేశాను. మా అమ్మ వారం రోజులు "వాడు చెడిపోయాడు" అని వీధంతా చెప్పుకుంది. చలికాలం మధ్యాహ్నాలు ఎండలో చాప వేసుకుని, మన దబ్బకాయంత నిమ్మకాయ వలిచి, పెరుగు, బెల్లం, ఉప్పుకారం, ఆ గింజల పొడి వేసి కలుపుతారు. ఎవరైనా పిలిస్తే వెళ్ళి కూర్చోండి. హోటళ్ళలో అది దొరకదు.

చూడవలసినవి. బైజ్‌నాథ్ తప్పనిసరి. కౌసాని నుంచి గరుడ్ మీదుగా దిగుడే. కింద వెచ్చగా ఉంటుంది, మోకాళ్ళకు హాయి. కత్యూరీ రాజుల కాలంనాటి రాతి గుళ్ళు, గుంపుగా, గోమతి ఒడ్డునే. పెద్ద గుడిలో పార్వతీదేవి నల్లరాతి విగ్రహం నిలువెత్తున ఉంటుంది. ఆ పనితనం చూస్తే మన రామప్ప గుర్తొస్తుంది. నదిలో పెద్ద పెద్ద చేపలు, ఎవరూ పట్టరు. నా లంచ్ బాక్సులో సగం వాటికే వేసేవాణ్ణి. దారిలో తేయాకు తోట వస్తుంది, అక్కడ పావుగంట చాలు. రుద్రధారి జలపాతం అంటారు, దానికి నడక ఉంది, అమ్మగారితో వద్దు. పాతాళ భువనేశ్వర్ గుహ అసలే వద్దు, గొలుసు పట్టుకుని ఇరుకులో దిగాలి.

ఓపిక ఉంటే బాగేశ్వర్, కౌసాని నుంచి నలభై కిలోమీటర్ల లోపే. సరయూ, గోమతి కలిసే చోటు, బాగ్‌నాథ్ గుడి. మన సంక్రాంతికి అక్కడ ఉత్తరాయణి జాతర. 1921 సంక్రాంతికి ఆ రేవులోనే పెద్ద సంగతి జరిగింది. తెల్లదొరలు కొండల్లో తిరిగితే వాళ్ళ సామాను ఊళ్ళవాళ్ళు వంతులవారీగా కూలి లేకుండా మోయాలి. కూలీ బేగార్ అనేవాళ్ళు, మన వెట్టి లాంటిదే. ఎవరి వంతు ఎప్పుడో రాసే రిజిస్టర్లు ఊరిపెద్దల దగ్గర ఉండేవి. బద్రీదత్ పాండే వగైరాలు ముందు నిలబడితే, జాతరకు వచ్చిన జనం ఆ రిజిస్టర్లన్నీ తెచ్చి సరయూలో పారేశారు. ఆ రేవులో నిలబడితే నాకు భలే సంతోషంగా ఉండేది. లెడ్జర్లు టాలీ కాక రాత్రి పదింటిదాకా కూర్చున్నవాడికే ఆ సుఖం తెలుస్తుంది.

విశాఖ గాలి:

మేనేజరుగారంటే గౌరవమే, కానీ అల్మోరాను దారిలో వచ్చే ఊరిగా తీసేస్తే నేను ఒప్పుకోను. మేం అక్కచెల్లెళ్ళం ముగ్గురం అమ్మతో వెళ్ళి అల్మోరాలోనే ఉన్నాం. కసార్ దేవి గుడి దగ్గర బస. 1890లో వివేకానందుడు ధ్యానం చేసిన కొండ అది. గుడికి మాత్రం మెట్లున్నాయి, మా అమ్మ కింద టీ కొట్టు దగ్గరే కూర్చుని దండం పెట్టుకుంది. అక్కడినుంచి జాగేశ్వర్ వెళ్ళొచ్చాం. దేవదారు అడవి మధ్యలో నూరు పైచిలుకు శివాలయాలు, పక్కనే సన్నటి ఏరు. ఆవరణంతా చదును, మోకాళ్ళకు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం మూడింటికే చెట్ల నీడ కమ్మేస్తుంది. శాలువా మర్చిపోకండి, నేను మర్చిపోయి పూజారిగారి కంబళి కప్పుకున్నాను.

ఆ దారిలోనే చితయీ గోలూ దేవత గుడి. న్యాయం చేసే దేవుడట. కోర్టుకు పెట్టినట్టే స్టాంపు పేపర్ల మీద అర్జీలు రాసి వేలాడదీస్తారు, కోరిక తీరితే గంట కడతారు. తల పైకెత్తితే వేలకొద్దీ గంటలు. అన్నదమ్ముల తగాదాలు, అత్తాకోడళ్ళవి, నీట్ ర్యాంకులు, అన్నీ ఉన్నాయి. చదవకూడదనుకుంటూనే అరగంట చదివాం.

బిన్సర్ మాత్రం అమ్మగారితో వద్దండి. అడవి బాగుంటుంది గానీ మంచుకొండలు కనిపించే జీరో పాయింట్‌కు రెండు కిలోమీటర్ల దాకా నడక ఉంది.

బదిలీల మేనేజరు:

అమ్మాయి చెప్పింది బాగుంది, జాగేశ్వర్ నేను మర్చిపోలేదు, మోకాళ్ళు గుర్తుపెట్టుకుని ఆగాను. అయితే ఇలా చేయండి. కౌసానిలో మూడు రాత్రులు, వచ్చేటప్పుడు అల్మోరాలో ఒక రాత్రి. కౌసాని నుంచి పెందరాళే బయలుదేరితే అల్మోరాలో సామాను పడేసి మధ్యాహ్నానికి జాగేశ్వర్, తిరుగుదారిలో గోలూ దేవత. మర్నాడు కాఠ్‌గోదామ్ దిగి మధ్యాహ్నం శతాబ్ది పట్టుకుంటే రాత్రికి ఢిల్లీ. గోలూ దేవత దగ్గర బ్యాంకు అప్పు మాఫీ చేయించమన్న అర్జీ కూడా ఒకటి చూశాను. మా బ్రాంచిది కాదులెండి, వెనక్కి తిప్పి చూసుకున్నాను.

అల్మోరా లాలా బజారులో బాల్ మిఠాయి కొనండి. కోవాను గోధుమరంగు వచ్చేదాకా కాచి, పైన తెల్లటి చక్కెర పూసలు అద్దుతారు. సింగోడీ అని ఆకులో చుట్టిచ్చేది ఇంకోటి, అది ఆ రోజే తినేయాలి, ఇంటిదాకా ఆగదు. బాల్ మిఠాయి వారం ఉంటుంది.

చిన్న విషయాలు కొన్ని. నగదు ఉంచుకోండి. కొండమీద ఏటీఎంను నమ్ముకోవద్దని బ్యాంకువాడే చెబుతున్నాడంటే ఆలోచించండి. కౌసాని బజారు రాత్రి ఎనిమిదికల్లా సద్దుమణిగిపోతుంది. చీకటి పడ్డాక ఊరి బయట రోడ్డు మీద నడక వద్దు, చిరుతపులులు తిరుగుతాయి. కుక్కల్ని ఇంట్లోకి తీసుకున్నారంటే మనం కూడా లోపలికి వెళ్ళాల్సిన టైమన్నమాట. మీ నాన్నగారిని మాత్రం పగలు ఎవరితోనైనా మాట్లాడనివ్వండి. అక్కడి హిందీ వేరు, ప్రతి మాట చివర "ఠైరా" అంటారు. మన ప్రచార సభ హిందీ వింటే ఆ ముసలాయనలు రేడియో వార్తలు విన్నట్టు సర్దుకుని కూర్చుంటారు. నా హిందీకి ఆ గౌరవం దక్కలేదు.

గోదారిగట్టు:

టికెట్లు బుక్ చేశానండి. గదికి మంచం మీద నుంచి తీసిన వీడియో అడిగితే ఇద్దరు ఫోన్ పెట్టేశారు, మూడో అతను పంపాడు. త్రిశూల్ కనిపిస్తోంది, ట్యాంకు లేదు. మెట్లు తొమ్మిది. నాన్న పాత నోట్సు ఒకటి బయటికి తీసి అట్ట వేసుకుంటున్నారు. మ్యూజియానికి తీసుకెళ్తారట. అమ్మేమో ఉలవలు దొరికితే తెచ్చుకుందాం అంటోంది, రాజమండ్రిలో దొరకనట్టు.

అక్కడినుంచి మీకేమైనా తేవాలా మేనేజరుగారూ? బాల్ మిఠాయి పార్సిల్ చేయనా?

బదిలీల మేనేజరు:

షుగరమ్మా నాకు. మిఠాయి వద్దు.

ఒక పని చేసిపెట్టండి. బైజ్‌నాథ్ వెళ్ళేటప్పుడు గరుడ్‌లో కారు ఆపండి. బస్సులు ఆగేచోట, నదివైపు ఒక టీ కొట్టు ఉండేది, రేకుల కప్పు, ముందర రెండు బల్లలు. ఒక పెద్దాయన నడిపేవాడు, అందరూ బూబూ అనేవాళ్ళు, తాతగారని. పొద్దున్నే బ్రాంచి తెరవకముందు అక్కడే టీ, అల్లం బాగా దంచి. నాకు బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు నలభై ఎనిమిది గంటల్లో రిలీవ్ చేశారు. సామాను, జీపు, ఆ హడావిడిలో ఆయన ఖాతా కట్టకుండా వచ్చేశాను. నలభై రూపాయలు. ఊరందరి బాకీలూ వసూలు చేసినవాణ్ణి, నేను ఎగ్గొట్టి వచ్చాను. ఆయన అప్పటికే డెబ్బై దాటినవాడు. కొట్టు ఉంటే, ఎవరున్నా సరే, మద్రాసీ మేనేజరు పంపాడని చెప్పి ఇవ్వండి. తెలుగువాణ్ణని రెండున్నరేళ్ళు చెప్పాను, వాళ్ళకు మద్రాసీనే.

గోదారిగట్టు:

తప్పకుండా ఇస్తానండి. నలభయ్యేనా, వడ్డీతో కలిపా?

బదిలీల మేనేజరు:

చక్రవడ్డీ వేసి నాన్నగారిని లెక్క కట్టమనండి. ఎంతైనా పంపుతాను.